పేర్చే ఆట మనది, చేసే చేతులూ మనవే

యలమంచిలి: పండక్కి ఊళ్లకు వచ్చే పట్నం పిల్లల సంచుల్లో ఈ మధ్య ఒక చెక్కముక్కల పెట్టె కనిపిస్తోంది. పెట్టెలో 54 ముక్కలుంటాయి. మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా మరో మూడు, మళ్లీ వాటి మీద నిలువుగా ఇంకో మూడు, ఇలా 18 వరుసలు పేరిస్తే చిన్న గోపురం లేస్తుంది. ఆ తర్వాత అందరూ చుట్టూ చేరి, వంతులవారీగా కింది వరుసల్లోంచి ఒక్కో ముక్కను ఒంటిచేత్తో లాగి పైన పెట్టాలి. ఎవరి చేతి కింద గోపురం కూలితే వారు ఓడినట్టు. దీని పేరు జెంగా.

ఆట మంచిదే. అక్షరం రాని అమ్మమ్మ, ఇంజనీరింగు చదివే మనవడు సరిసమానంగా ఆడదగిన ఆటలు ఎన్నో లేవు గనుక దీన్ని ఇంటికి తెచ్చుకోవడం తప్పు కాదు. అయితే ఈ పెట్టెను పట్నంలో డబ్బుపోసి కొంటున్న ఇళ్లకు దగ్గరలోనే, వరాహ నది ఒడ్డున, కర్రను తిప్పి ఆటవస్తువుగా మలచడమే బతుకుతెరువుగా చేసుకున్న ఊరు ఒకటుంది. అదే ఎస్.రాయవరం మండలంలోని ఏటికొప్పాక. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే ఇలాంటి ఆట ఒకటి ఆ చేతుల నుంచి ఎందుకు రాకూడదన్నది ఈ ప్రాంతం ప్రజలు, అధికారులు ఆలోచించవలసిన విషయం.

కోత మిల్లు దగ్గర పుట్టిన ఆట

జెంగా ఏ పెద్ద కంపెనీ బుర్రలోనో పుట్టలేదు. ఆఫ్రికాలో పెరిగిన లెస్లీ స్కాట్ అనే ఆంగ్ల మహిళ కుటుంబం 1970 దశకం మొదట్లో ఘనా దేశంలో ఉండేది. ఆ ఇంట్లో పిల్లలు ఆడుకునే చెక్కముక్కలతో ఈ ఆట మొదలైంది. తకొరాడి అనే ఊళ్లోని కోత మిల్లులో ముక్కలు కోయించుకునేవారు. ఇంట్లో వాళ్లు, వచ్చిన చుట్టాలు ఆడేవారు. ఆమె దాన్ని 1983లో లండన్ బొమ్మల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టారు. పేరు కూడా ఇంగ్లీషులోంచి తీసుకోలేదు. తాను చిన్ననాట మాట్లాడిన స్వాహిలీ భాషలో ‘కట్టు’ అనే అర్థమిచ్చే మాటనే ఆటకు పెట్టారు. మొదట సరుకు కదలలేదు. ఆమె అప్పుల పాలయ్యారు. తర్వాత కెనడా, అమెరికా కంపెనీలు తీసుకోవడంతో ఆట ప్రపంచమంతా పాకింది.

ఈ కథలో మన ప్రాంతం గమనించవలసింది ఒకటుంది. ఊళ్లో ఉన్న కోత మిల్లు, ఊరి పక్క అడవిలో దొరికే కర్ర, రాత్రిపూట కలిసి కూర్చునే ఒక ఇల్లు. ఈ మూడూ ఉన్నచోట ఆ ఆట పుట్టింది. యలమంచిలి పరిసరాల్లో మొదటి రెండింటికీ కొదవ లేదు. మూడోదే తగ్గిపోతోంది.

చింతపిక్కల మెలకువే

అసలు ఈ ఆటలోని మెలకువ మన ఇళ్లకు కొత్తది కాదు. ఆడపిల్లలు చింతపిక్కలు గుట్టగా పోసి, ‘ఉఫ్’ అని ఊది, పక్క పిక్క కదలకుండా ఒక్కొక్కటీ వేలితో లాగేవారు. కదిలితే వంతు పోయినట్టే. జెంగాలో చేసేదీ అదే. ఏది వదులుగా ఉందో కంటితో చూసి, వేలితో తడిమి, మిగతావి కదలకుండా దాన్ని తీయాలి.

పేర్చడమూ మనకు తెలిసిందే. వీధిలో ఏడు పెంకులు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, బంతితో పడగొట్టి, అవతలి జట్టు కొట్టేలోగా మళ్లీ పేర్చడం రెండు తరాల కిందటి మగపిల్లలందరూ ఆడిన ఆట. వెడల్పు పెంకు అడుగున, చిన్నది పైన అని ఎవరూ బడిలో నేర్పలేదు. ఇక గడ్డివామి వేసే రైతు సంగతి చెప్పనక్కరలేదు. వానకు తడవకుండా, గాలికి ఒరగకుండా, పశువుకు వేయడానికి పక్కనుంచి రోజూ గడ్డి లాగినా నెలల తరబడి కూలకుండా వామి నిలబెట్టడం కంటే పెద్ద పేర్పు విద్య ఏముంది? పక్కనుంచి లాగినా పైది పడకూడదన్న జెంగా సూత్రం రైతు కళ్లంలో ఏనాటినుంచో ఉన్నదే.

ఏడు పెంకులకు వీధి కావాలి. వీధులు ఇప్పుడు ఆటోలకు, మోటారు సైకిళ్లకు పోయాయి. చింతపిక్కలాట ఆడపిల్లల ఆటగానే ఉండిపోయింది. ఇంట్లో, దీపం కింద, పీట మీద, చిన్నా పెద్దా ఆడా మగా కలిసి ఆడే పేర్పుడు ఆట మాత్రం మన దగ్గర వస్తువుగా తయారు కాలేదు. ఆ ఖాళీలోకే పట్నం పెట్టె వచ్చి కూర్చుంది.

పేరు పెరిగింది, పని పెరగాలి

ఏటికొప్పాక బొమ్మకు గౌరవాలు తక్కువేమీ జరగలేదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో ఈ ఊరి బొమ్మలను, సహజ రంగులతో వాటికి మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజును పేరుపెట్టి మెచ్చుకున్నారు. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ దినోత్సవంనాడు ఢిల్లీ రాజపథంగా పేరొందిన కర్తవ్యపథ్‌లో మన రాష్ట్రం తరఫున ఏటికొప్పాక బొమ్మల శకటమే నడిచింది. రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి అందుకుంది.

ఇవన్నీ సంతోషించదగినవే. కాని శకటం చూసి చప్పట్లు కొట్టినవారు ఎందరైనా, లేతు దగ్గర కూర్చున్న మనిషికి కావలసింది మాత్రం రేపటి పని. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మను ఒక ఇల్లు ఒకసారి కొంటుంది. దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది. పదేళ్లకు కూడా రెండోది కొనదు. ఆటవస్తువు అలా కాదు. అది చేతుల్లో నలుగుతుంది. ముక్క పోతుంది, కొత్తది కావాలి. పక్కింటి పిల్లవాడు చూసి తనకూ కావాలంటాడు. బడికి ఒకటి, అత్తవారింటికి ఒకటి, పెళ్లి కానుకగా ఒకటి. ఇల్లు బొమ్మను చూడటం మాని ఆడటం మొదలుపెడితేనే చేసేవాడికి నిలకడగా పని దొరుకుతుంది.

నిజానికి ఏటికొప్పాక వాళ్లు మొదటినుంచీ ఆడుకునే వస్తువులే చేశారు. లక్కపిడతలు, బొంగరాలు, గిలకలు. పిల్లల చేతుల్లో అరిగిపోయిన ఆ వస్తువులే ఊరికి పేరు తెచ్చాయి. అలంకారం తర్వాత వచ్చింది.

నకలు కొడితే నష్టమే

అలాగని జెంగా ముక్కల్నే ఇక్కడ కోసి అమ్ముదామంటే అది తెలివైన పని కాదు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ పేరు మీద హక్కులు కంపెనీవి. రెండు, అది పలకల ముక్క. రంపంతో కోసి చిత్రిక పట్టాలి. ఆ పని ఫ్యాక్టరీ యంత్రం గంటలో వేల ముక్కల లెక్కన చేస్తుంది. దానితో చేతిపని ధరలో పోటీ పడలేదు. ఏటికొప్పాక బలం లేతులో ఉంది. ఒకప్పుడు తాడుతో లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారుతో తిప్పుతున్నారు. తిరిగే కర్రకు ఉలి ఆనిస్తే రూపం వస్తుంది. లక్కరంగు కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. అక్కడ పుట్టేది ఏదైనా గుండ్రంగా ఉంటుంది. కాబట్టి ఇక్కడి ఆట కూడా గుండ్రంగానే ఉండాలి.

ఉదాహరణకు ఒక పద్ధతి చెప్పుకోవచ్చు. అరచేయంత వెడల్పున్న గుండ్రటి బిళ్ల. దాని అంచు వెంబడి బొటనవేలంత లావున్న ఐదు చిన్న స్తంభాలు, ఐదు రంగులవి. వాటి మీద మరో బిళ్ల. దాని మీద మళ్లీ ఐదు స్తంభాలు. ఇలా ఆరు అంతస్తులు. ప్రతి అంతస్తులో రంగుల వరుస వేరుగా పెట్టాలి. వంతు వచ్చినవారు ఒక స్తంభం లాగి, పైన కొత్త అంతస్తు కట్టుకుంటూ పోవాలి.

ఇందులో మెలిక ఏమిటంటే, ఏ రంగు లాగాలో ఆడేవాడు నిర్ణయించడు. బొంగరం నిర్ణయిస్తుంది. ఏటికొప్పాక బొంగరానికి నడుము చుట్టూ ఐదు రంగుల పట్టీలు నిలువుగా వేసి తిప్పితే, అది తిరిగి తిరిగి ఒరిగినప్పుడు ఏ రంగు నేలకు తగిలిందో ఆ రంగు స్తంభమే లాగాలి. ఏ అంతస్తు నుంచి అన్నది మాత్రం ఆడేవాడి ఇష్టం. అదృష్టం సగం, ఆలోచన సగం.

ఆలోచన ఎక్కడ పని చేస్తుందంటే, ఐదు స్తంభాల్లో ఒకటి తీస్తే బిళ్ల నిలుస్తుంది. రెండోది తీసేటప్పుడే చూసుకోవాలి. ఒకటి విడిచి ఒకటి తీస్తే మిగిలిన మూడూ బరువును మధ్యలో మోస్తాయి. పక్కపక్కనున్న రెండూ తీస్తే ఆ వైపు ఆసరా పోయి బిళ్ల ఒరుగుతుంది, పైనున్నదంతా కూలుతుంది. ఆరో తరగతి పిల్లవాడు ఒక సాయంత్రం ఆడితే గురుత్వ కేంద్రం అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే తెలిసిపోతుంది.

చేతిపని తేడాయే ఆటకు ప్రాణం

ఇక్కడే చేతిపనివారికి లాభించే మాట ఒకటుంది. జెంగా ముక్కలు పైకి ఒకేలా కనిపించినా నిజానికి ఒకేలా ఉండవు. వెంట్రుకవాసి తేడాలు కావాలనే ఉంచుతారు. అందుకే కొన్ని బిగుసుకుని ఉంటాయి, కొన్ని వేలు తగిలితే జారి వస్తాయి. అన్నీ అచ్చుగుద్దినట్టుంటే ఆటే లేదు.

మూడు కాళ్ల పీట ఏ నేల మీద పెట్టినా ఊగదు. నాలుగు కాళ్ల బల్ల మాత్రం ఒక కాలు పిసరంత పొట్టిదైతే ఊగుతుంది. ఇది ప్రతి ఇంటికీ అనుభవమే. ఐదు స్తంభాల మీద పెట్టిన బిళ్ల సంగతీ అంతే. చేత్తో చేసిన ఐదింటిలో పిసరంత తేడా ఉంటుంది. బరువు మూడింటి మీద పడుతుంది, రెండు వదులుగా నిలుస్తాయి. ఆ రెండూ ఏవో కనిపెట్టడమే ఆట. ‘ఈ ముక్కకీ ఆ ముక్కకీ తేడా ఉంది’ అని వ్యాపారి వంకపెట్టి ధర తగ్గించే లోపమే ఈ ఆటలో వస్తువుకు ప్రాణం. యంత్రం శ్రమపడి తెచ్చుకునే తేడా మన పనివాడి చేతిలో ఊరికే వస్తుంది.

కొలతలు, నగిషీ, నిబంధనలు ఇంకా ఎలా ఉండాలో పనిచేసేవారే తేల్చాలి. కమ్మరి కొలిమి దగ్గర కవిత్వం చెప్పినవాడి సలహా లాంటిదే వార్తాపత్రిక సలహా. కాని ఆట ఆడదగినదని, లేతు మీద చేయదగినదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

రెండు అభ్యంతరాలు

కర్ర ఎక్కడిదని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో చేస్తారు. తెల్లగా, తేలికగా, ఉలికి మెత్తగా ఉండే కర్ర అది. చెట్టు కొట్టినంత వేగంగా పెరగదు. కొండ మీది చెట్టునే నమ్ముకుంటే ఒకనాటికి లేతులు ఆగిపోతాయి. అయితే ఈ ఆటకు కావలసిన స్తంభాలు బొటనవేలంత. పెద్ద బొమ్మలకు పనికిరాని సన్న కొమ్మలు, కోయగా మిగిలిన తుండ్లు వీటికి చాలు. బిళ్లలకు మాత్రం లావు కర్ర, బాగా ఆరిన కర్ర కావాలి. పచ్చికర్రతో చేస్తే ఎండాక పగులుతుంది. అంకుడు మోడు మళ్లీ చిగురించే జాతి కాబట్టి పంచాయతీ బంజర్లలో, చెరువు గట్ల మీద, బడి ఆవరణల్లో నాటితే వృథా పోదు. ఈ మాట ఆట కోసం కాకపోయినా చేయవలసిన పనే.

రెండో అభ్యంతరం ధర. బజారులో ప్లాస్టిక్ పెట్టె చవకగా వస్తుంటే చేతిపని సరుకు ఎవరు కొంటారన్నది. కేంద్ర ప్రభుత్వం విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో నూటికి 20 నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేసి, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు మినహాయింపు ఇచ్చింది. అంటే ప్రభుత్వం తలుపు కొంత తెరిచింది. అయినా చేతిపని కొంత ఖరీదే అవుతుంది, దాచి లాభం లేదు. కాని ప్లాస్టిక్ పెట్టెలో ముక్క విరిగితే ఆ ముక్క మళ్లీ దొరకదు. ఏటికొప్పాకలో అయితే విరిగిన స్తంభం ఒక్కటే కొత్తది చేయించుకోవచ్చు. పైగా ఆకులు, గింజలు, బెరడు, వేళ్ల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి పట్టించిన వస్తువును పసివాడు నోట్లో పెట్టుకున్నా తల్లి గుండె ఆగదు. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ చిన్న ముక్కలాటా ఇవ్వకూడదు. మింగే ప్రమాదం ఎందులోనైనా ఒకటే.

ఇంట్లో ఒక గంట

చేసేవారు చేసినా, కొనేవారు కొన్నా, కూర్చుని ఆడే ఇల్లు లేకపోతే అది మరో బీరువా బొమ్మ అవుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో రాత్రి భోజనాలయ్యాక నలుగురూ నాలుగు మూలల్లో ఉంటారు. తండ్రి చేతిలో ఒక ఫోను, కొడుకు చేతిలో ఇంకొకటి. తల్లి టీవీ ముందు. ముసలాయన అరుగు మీద ఒంటరిగా. ఒకే కప్పు కింద ఉండి ఒకరి మాట ఒకరు వినని రోజులు గడిచిపోతున్నాయి. దీనికి ఫోనును తిట్టి లాభం లేదు. ఫోను కంటే మంచిదేదో పీట మీద పెడితేగాని పిల్లవాడి చేయి దాన్ని వదలదు.

పేర్పుడు ఆటకు అందులో ఒక గుణముంది. ఆడనివాడు కూడా ఊరుకోలేడు. ‘తాతా, ఆ ఎర్రది లాగకు, పడిపోద్ది’ అని మనవరాలు అరుస్తుంది. ‘నువ్వూరుకోవే, వామి వేసిన చెయ్యి ఇది’ అంటాడు తాత. కోడలు వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వస్తుంది. గోపురం కూలినప్పుడు అయ్యే చప్పుడుకు ఇంట్లో నవ్వని మనిషి ఉండడు. ఓడినవారు ఒక సామెతకు అర్థం చెప్పాలనో, ఒక పొడుపుకథ విప్పాలనో, అందరికీ పక్కలు వేయాలనో ఏ ఇంటి పద్ధతి ఆ ఇల్లు పెట్టుకోవచ్చు. తాత దగ్గరున్న సామెతలు మనవడికి చేరే దారి అదొక్కటే మిగిలినా ఆశ్చర్యం లేదు.

చేయవలసిన పనులు

హస్తకళల అభివృద్ధి సంస్థ ఇలాంటి ఆట నమూనాల కోసం ఏటికొప్పాక పనివారికి చిన్న పోటీ పెట్టి, మంచి నమూనాకు బహుమతితో పాటు ఆర్డరు కూడా ఇవ్వాలి. బహుమతి పత్రం గోడకు, ఆర్డరు పొయ్యికి. లేపాక్షి దుకాణాల్లో దీన్ని అలంకార వస్తువుల మధ్య కాకుండా, పెట్టె విప్పి బల్ల మీద పేర్చి, వచ్చినవారు ఆడి చూసేలా ఉంచాలి. ఆడినవాడు కొంటాడు. అనకాపల్లి జిల్లాలోని బడులకు ఆటవస్తువులు కొనేటప్పుడు విద్యాశాఖవారు బడికి ఒక్క పెట్టె చొప్పున జిల్లా పనివారి దగ్గరే కొనే విషయం ఆలోచించాలి. మహిళా సంఘాలు పెట్టెలు కుట్టే పని, నిబంధనల కాగితం తెలుగులో అచ్చువేసే పని చేపట్టవచ్చు.

ఇవి కోట్ల రూపాయల పథకాలు కావు. కొత్త భవనం అక్కరలేదు, శంకుస్థాపన శిలాఫలకం అక్కరలేదు. ఒక్క సంక్రాంతికి ఈ చుట్టుపక్కల ఊళ్లవారు వచ్చే అల్లుళ్లకు, మనవలకు పట్నం పెట్టె బదులు ఏటికొప్పాక పెట్టె చేయించి ఇవ్వగలిగితే మొదటి ఆర్డరు మన ఇళ్ల నుంచే వెళ్తుంది. ఢిల్లీలో శకటం చూసి మెచ్చుకున్న కళను ఊళ్లో పీట మీద పెట్టి ఆడుకోవడమే ఆ పనివారికి ఈ ప్రాంతం చేయగల నిజమైన సన్మానం. ఆ దిశగా పెద్దలు, అధికారులు, ముఖ్యంగా ఇళ్లలోని తల్లులు ఆలోచిస్తారని ఆశిద్దాం.